తెల్లగా వదిలేసిన చోటు

ఉత్తర ధ్రువపు మంచులోకి వెళ్లింది ఇద్దరు, తిరిగొచ్చింది ఒక్కరు. పక్షుల శాస్త్రవేత్త తన నీటిరంగు బొమ్మలతో సహా వచ్చాడు. ఆయన సామాను మోసిన మనిషి రాలేదు. ఆ మనిషి భార్యే ఇప్పుడు ఆ బొమ్మలకు ఫ్రేములు కడుతోంది. కాదంటే పొయ్యి వెలగదు.

"మా ఆయన్ని ఒక్కదాంట్లోనూ వెయ్యలేదేం సార్?" అని పొద్దున అడిగింది.

"మంచుకి రంగు వెయ్యమమ్మా, కాగితం అలాగే వదిలేస్తాం. అతనూ ఆ తెలుపులోనే ఉన్నాడనుకో," అన్నాడాయన గడియారం చూసుకుంటూ.

రాత్రి ఫ్రేముల కొట్లో ఆమె ఒక్కతే. ఆఖరి బొమ్మ శాస్త్రవేత్త పడకగదికట. అందులో పిట్ట ఈకల మీది గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. పడవ పక్కన మాత్రం రంగు తగలని ఖాళీ, చెయ్యెత్తి పిలుస్తున్న మనిషి ఆకారంలో.

"ఈకకున్న పాటి విలువ లేకపోయింది నీకు," అని ఆ ఖాళీని చూస్తూ పళ్లు కొరికి, అద్దం పెట్టి మేకులు బిగించింది.

సరిగ్గా ఆ ఖాళీ మీద అద్దానికి ఆవిరి పట్టింది. గుడ్డతో తుడిచింది. పోలేదు. ఆవిరి లోపలి వైపుంది. మసకబారి, తేటపడి, మళ్లీ మసకబారుతోంది, ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

ఫోన్ మోగింది. "అద్దం బిగించేశావా అమ్మా? గట్టిగానేనా?" శాస్త్రవేత్త గొంతు వణుకుతోంది.

"గట్టిగానే సార్. రేపు నేనే వచ్చి మీ మంచం ఎదురుగా తగిలిస్తాను."

ఫోన్ పెట్టేసి, కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకసాగింది.