మేడమీది తమ్ముడు

పన్ను తప్పించుకోవడానికి పరంధామయ్య యాభై నాలుగో ఏట ఒక తమ్ముణ్ణి సంపాదించుకున్నాడు.

నిజానికి ఆయనకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఉండుంటే ఇల్లు పంచాల్సి వచ్చేదని, ఒక్కడిగా పుట్టించినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకునే మనిషి. కింద తను, భార్య చంద్రకాంతమ్మ. మేడమీద అద్దెకు మునికృష్ణ, తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో గుమాస్తా. వెనకాముందూ ఎవరూ లేని కుర్రాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా వాళ్ళుండే చింతలచేను పంచాయతీని తిరుపతి కార్పొరేషన్‌లో కలిపేశారు. పంచాయతీకి ఏటా కట్టే ఆరువందలనే నాలుగుసార్లు అడిగించుకుని కట్టే పరంధామయ్యకు, కార్పొరేషన్ పన్ను అన్న మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టలేదు.

అదను చూసి మునికృష్ణ మేడ దిగి వచ్చాడు.

"సొంతానికి కాపురముంటే ఒక రేటంట సార్. అద్దెకిస్తే దానికి రెండింతలంట."

"ఎవురు చెప్పినారప్పా?"

"మా లాడ్జికొచ్చే గిరిప్రసాద్ సార్. ఆఫీసరు. ఈ ఆదివారం మనింటికే వస్తాడు, సూసిపోయేదానికి."

పరంధామయ్య ముఖం మాడిపోయింది. "అయితే నువ్వు ఖాళీ చెయ్యాల్సిందే."

"నేను పోతే మీకు అద్దె కూడా పోతాది కదా సార్? నన్ను మీ తమ్ముడని చెప్పండి. మేడ నా భాగమని చెప్పండి, అంతే. ఇంకొక మాట. పన్ను ఊసు మాత్రం ఎత్తొద్దు. ఆయన చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చోని అన్నీ రాబట్టుకునే రకం. పన్ను అన్నారంటే పసిగట్టేస్తాడు."

పామూ చావాలి, కర్రా విరగకూడదనుకునే పరంధామయ్యకు ఈ ఉపాయం తెగ నచ్చింది. మూడు రోజులు కూర్చుని సాధన చేశాడు. చంద్రకాంతమ్మ చేత 'కిట్టయ్యా' అని మరిదిని పిలిచినట్టు పిలిపించాడు. మునికృష్ణతో మాత్రం గట్టిగా చెప్పాడు: "తమ్ముడివే కానీ, ఒకటో తేదీ అద్దె మర్చిపోవద్దు."

ఆదివారం పదిగంటలకు గిరిప్రసాద్ వచ్చాడు. వెంట ఒక లావుపాటి ఆవిడ కూడా ఉంది.

"ఆమె యెవురు?" అని పరంధామయ్య గుసగుసగా అడిగాడు.

"మేడం. ఇంటిని కంటితోనే కొలిచేస్తాది. జాగ్రత్తన్నా."

మేడం కాఫీ కూడా తాగకుండా మేడెక్కింది. కుళాయి తిప్పి దోసిట్లో నీళ్ళు పట్టి చూసింది. అటకమీదికి తొంగి చూసింది. వంటింట్లోకి గాలి వస్తుందా అని అడిగింది. గాలిక్కూడా పన్ను వేస్తారు కాబోలని పరంధామయ్య లోలోపల కుమిలిపోయాడు. అయినా పైకి నవ్వుతూనే ఉన్నాడు.

కిందికి వచ్చాక గిరిప్రసాద్ మొదలుపెట్టాడు. "మీరిద్దురే అన్నదమ్ములా?"

"ఇద్దురమే సార్. మా నాయన లేటు వయసులో కన్న బిడ్డ వీడు. ఈ చేతుల్తో ఎత్తుకోని పెంచినాను. బంగారం సార్, వక్కపలుకు కూడా నమలడు."

వంటింట్లో చంద్రకాంతమ్మకు పొలమారింది.

"మేడ ఆయన భాగమేనా? రేపు మాట మారదు కదా?"

"ఎందుకు మారతాది సార్? అన్నదమ్ములం!"

"అయితే కాణిపాకం పోయి ప్రమాణం చేస్తారా?"

కోర్టులో అలవోకగా అబద్ధమాడేవాడు కూడా ఆ జిల్లాలో కాణిపాకం పేరెత్తితే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. పరంధామయ్యకు ఆ వినాయకుడితో పెట్టుకోవడం కంటే కాగితంతో పెట్టుకోవడం మేలనిపించింది.

"ఇంత చిన్నదానికి ఆ సామిని ఎందుకు తొందర పెట్టేది? కాగితం రాసిస్తా. కిట్టయ్యా, పెన్ను తే!"

రాశాడు. మేడమీది ఇల్లు తన తమ్ముడు మునికృష్ణ భాగమనీ, దానిమీద తనకు ఏ హక్కూ లేదనీ రాశాడు. రాస్తూంటే ఊపు వచ్చి, ఎవరూ అడగకుండానే 'పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవచ్చు' అని కూడా చేర్చాడు. కింద సంతకం చేశాడు. మేడం సాక్షి సంతకం చేసింది.

మునికృష్ణ వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. లేచినప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆహా, ఏం నటన అనుకున్నాడు పరంధామయ్య. వీడు లాడ్జిలో కాదు, నాటకాల్లో ఉండాల్సినవాడు. ఏటా మిగలబోయే పన్ను తలుచుకుంటే ఆయనకూ కళ్ళు చెమర్చాయి.

గిరిప్రసాద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేడం వైపు చూశాడు. ఆవిడ సరేనని తలూపింది. ఆయన లేచి వచ్చి పరంధామయ్యను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"టౌన్లో సొంతిల్లూ, పైన ఒక పెద్దదిక్కూ లేనోడికి పిల్లనియ్యనని మా పాపను ఏడాదిగా ఏడిపించినాను. ఇప్పుడు ఇల్లూ ఉండాది, నువ్వూ ఉండావు. శుక్రవారం తాంబూలాలు మార్చుకుందామా, బావా?"