ఈసారి మాస్కు తీయను

లోతైన నీటి గుండం గట్టున షెడ్డులో, నీటి ప్రమాదాల్లో ఆక్సిజన్ పట్టే శిక్షణ ముగిసింది. నేర్చుకోవడానికొచ్చిన వాళ్లంతా ట్రక్కులెక్కి పోయారు. నేర్పిన లైల్ దీపం ఆర్పబోతూ ఆగాడు. రబ్బరు బొమ్మ ముఖానికి తను కట్టిన మాస్కు మెడ మీదికి దిగి ఉంది.

మళ్లీ కట్టాడు. వెనుదిరిగి చూసేసరికి మళ్లీ మెడ మీదే.

నిరుడు ఈ గుండంలోనే డైవింగుకు దిగి, లోతులోంచి గభాల్న పైకి తేలిన స్నేహితుడు కర్టిస్ కూడా, లైల్ కట్టిన మాస్కును ఇక్కడే ఇలాగే మెడ మీదికి లాగేశాడు. "బాగానే ఉన్నాన్రా, ఈ బోడి మూతిబుట్ట నాకెందుకు?" అని నవ్వాడు. లైల్ నమ్మి తీసేశాడు. అరగంట తిరక్కుండా, నెత్తుట్లో చేరిన గాలి బుడగలకు కర్టిస్ ప్రాణం పోయింది.

లైల్ ఆక్సిజన్ సిలిండరు మర తిప్పాడు. బుస్సుమంది. మాస్కును రెండు చేతులా అదిమిపట్టి, "నువ్వెంత బాగున్నానన్నా ఈసారి వినేది లేదు. తెల్లారేదాకా పీల్చరా!" అన్నాడు.

మాస్కు లోపల ఆవిరి కమ్మింది. దాన్ని ఎవరో కిందికి లాగుతున్నారు.

లైల్ ఇంకా గట్టిగా అదిమాడు.