పాఠంలో పసిబిడ్డ

‘బొడ్డుకు బూడిద రాయకూడదు.’ తాను రాసిన వాక్యాన్ని పైకి చదివింది నర్సు స్టెల్లా. గొల్లపల్లిలో పెద్దవాళ్ల చదువుకి ఆమె ఆరోగ్య పాఠాలు రాస్తుంటే, అక్కడే అక్షరాలు నేర్చుకుంటున్న కన్నమ్మ వాటికి బొమ్మలు వేస్తోంది.

“ఈ పసిబిడ్డకి ఏం పేరు పెడదాం, కన్నమ్మా?”

“బొడ్డు ఊడకముందే పేరేంది దీదీ? ఊడినాంకనే పెడ్తం.”

“పాఠంలో పేరుండాలి కదా. పోనీ, నీ బిడ్డ పేరే రాద్దాం.”

“దానికి పేరు లేదు.” కన్నమ్మ బొమ్మకి రంగు పూస్తూనే ఉంది. “బూడిద రాసిన. బొడ్డు ఊడకముందే పోయింది.”

స్టెల్లా బూడిద గురించిన ఆ వాక్యం కొట్టేయబోయింది. కన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఉండనీ దీదీ. దీనికి పేరు ఇప్పుడే పెట్టు. ఇది బతుకుతది గదా.”