ముగ్గుగీత మీద ఎలుక

తలలో గడ్డ వల్ల మా కోడలు హైమకు మాట పడిపోయింది. అందరికీ ఇచ్చినట్టే మాకూ ఆసుపత్రివాళ్లు మూడు ఎలుకల్ని ఇచ్చారు. హైమ గడ్డలోంచి తీసిన ముక్కలే వాటి తలల్లో పెట్టి పెంచుతున్నారు. ఒక్కోదానికి ఒక్కో మందు వెయ్యాలి. ఏది కోలుకుంటే దాని మందే హైమకు.

పదిరోజులకు డాక్టరమ్మ వచ్చి, మిషను పెట్టి చూసి, “ఏ మందూ పట్టలేదు మామ్మగారూ,” అంది.

“నీ మిషనుకేం తెలుసమ్మా! రోజూ వీటిని ముగ్గుగీత మీద నడిపిస్తున్నా. ఈ మూడోది మొన్నటిదాకా ఎడమకు ఒరిగేది. ఇప్పుడు చూడు.”

అది గీత తప్పకుండా చివరిదాకా నడిచింది. డాక్టరమ్మ నేలమీద చతికిలబడి మళ్లీ మళ్లీ నడిపించింది. ఆ మందే రాసింది.

రెండు నెలలకు హైమ, “చారులో ఇంత ఉప్పేంటత్తయ్యా?” అని నామీద కేకలేసింది. వీధంతా వినాలని కిటికీలు బార్లా తెరిచాను.