గోడ మీద గొడుగు మనిషి

“ఇంతకీ ఆయనెలాటోరు బాబూ?” అని అడిగాడు పైడయ్య, బియ్యప్పిండి నీళ్ళలో వెదురుపుల్ల ముంచుతూ.

భీమశంకరరావు చుట్టూ చూశాడు. పోర్టు కాంటీను గోడ దగ్గర వాళ్ళిద్దరే ఉన్నారు.

“మహానుభావుడయ్యా! ముప్ఫై రెండేళ్ళు ఈ హార్బరుకి ప్రాణం పెట్టాడు. కాస్త బొజ్జ, చేతిలో గొడుగు. ఆయన చెయ్యి పడందే ఒక్క ఓడ కదిలేది కాదు.”

గుమాస్తాల చలవ వల్ల ఓడలు కదలవని గుమాస్తా భీమశంకరరావుకీ తెలుసు. కానీ తణుకు నుంచి వచ్చి ఇన్నేళ్ళు చాకిరీ చేశాడు. పై నెల రిటైరైపోతే, భీమశంకరరావనేవాడొకడు ఇక్కడుండేవాడని చెప్పడానికి గోడకి మేకైనా మిగలదు. అదే ఆయన బెంగ. బొమ్మలు వేయించమని ఆఫీసు తనకప్పగించిన ఈ యాభై అడుగుల గోడ మీద తన బొమ్మ ఒక్కటి పడితే జన్మ ధన్యం. తన బొమ్మ వెయ్యమని తనే అడగడానికి మాత్రం నోరు రాలేదు. అందుకే ‘ఆయన’ అన్నాడు. తన గొడుగు కూడా ఆఫీసు బీరువాలో దాచేసి ఎండలో తిరుగుతున్నాడు.

“పేరేటి?”

“పేరెందుకులే. చూసినవాళ్ళే పోల్చుకుంటారు.”

పైడయ్య కళ్ళు చెమర్చాయి. “అలాటోరికి సెయ్యకపోతే ఇంకెవలికి సేత్తాం బాబూ!” అన్నాడు.

పైడయ్య సీతంపేట కొండల్లోని సవర చిత్రకారుడు. ఇళ్ళ గోడల మీద అతను వేసిన బొమ్మలు చూసి ఎవరో హైదరాబాదు తీసికెళ్ళి కాగితాల మీద వేయించారు. పేపర్లో ఫొటో కూడా పడింది. అతనికి మాత్రం ఆ కాగితాలంటే చిన్నచూపు. “కాయితంలో ఎవలుంటారు బాబూ? గోడుండాల” అంటాడు. పట్నంలో ఇంత పెద్ద గోడ దొరకడం అతనికిదే మొదలు.

మర్నాటికి ఎర్రమట్టి పూసిన గోడ నడుమ తెల్లటి గొడుగు మనిషి వెలిశాడు. భీమశంకరరావుకి కాలు నేల మీద నిలవలేదు. పైడయ్య గోడ ముందు ఆకుదొప్పల్లో అన్నం, సారా పెట్టి, చెవి ఆనించి విన్నాడు.

“ఆయనకింకా సాల్లేదంట బాబూ.”

“మరేం కావాలిట?”

“ఇమానం.”

భీమశంకరరావు అదిరిపడ్డాడు. విమానం ఎక్కాలన్న కోరిక ఆయన భార్య తాయారుకి కూడా చెప్పలేదు! వీడెవడో మనసులో మాట చదివేస్తున్నాడు.

“వెయ్యవయ్యా, వెయ్యి! ఏనుగు కూడా వెయ్యి!”

ఏనుగొచ్చింది. స్కూటరొచ్చింది. వారం తిరిగేసరికి ఓడ మీదా, క్రేను కొసనా, రైలు టాపు మీదా ఎక్కడ చూసినా గొడుగు మనిషే. ఆయనకేటి ఇష్టమని పైడయ్య అడిగితే, భీమశంకరరావు పూతరేకులని చెప్పి, సాయంత్రానికి తనే తెచ్చిచ్చాడు. పైడయ్య వాటిని గోడకి చూపించి, ఒకటి భక్తిగా భీమశంకరరావు చేతిలో పెట్టాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటూ ఆయన గుటుక్కున తినేశాడు.

“ఏమిటండీ ఆ కులుకు, కొత్త పెళ్ళికొడుకులా?” అంది తాయారు ఆ రాత్రి.

“రేపొచ్చి చూడు” అన్నాడు.

ప్రారంభోత్సవంలో పెద్దాఫీసరు జ్ఞానశేఖర్ గోడంతా తేరిపార చూసి మురిసిపోయాడు. “ఇంతకీ ఈ గొడుగాయనెవరు?”

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. “పేరు తెల్దు బాబూ. సానా గొప్పోరంట.”

భీమశంకరరావు ఇక ఆగలేకపోయాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, బీరువాలోంచి తెచ్చుకున్న గొడుగు టప్పున విప్పి నెత్తిన పట్టుకున్నాడు.

“నేనేనండీ! అచ్చంగా నేనే!”

జనం ఘొల్లున నవ్వారు. చప్పట్లు మోగిపోయాయి. జ్ఞానశేఖర్ ఆయన్ని వాటేసుకుని, “రిటైరైనా మీరెక్కడికీ పోరండీ, ఈ గోడ మీదే ఉంటారు!” అన్నాడు. తాయారు ఆనందంతో కళ్ళొత్తుకుంది.

పైడయ్య చేతిలోని పిండి చిప్ప జారి పడింది. వంగి భీమశంకరరావు పాదాలకేసి పరీక్షగా చూశాడు. దణ్ణం పెడతాడేమోనని ఆయన అతని చెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఆ చెయ్యి వెచ్చగా తగిలేసరికి పైడయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

“మా కాడ సచ్చిపోయినోలికే బొమ్మేత్తాం, బాబూ!”