అద్దం మీది ఊపిరి

హలో... హలో... అందరికీ నమస్కారమండీ, వినబడుతోందా? బస్తరు ఇంకా రాజుల ఏలుబడిలో ఉన్నప్పటి ముచ్చట ఇది. కాస్త జడిపించే కథే. చేతిలో పని పక్కన పెట్టి వినండి.

"నా పెనిమిటి ఊపిరి నాకియ్యి, కంపౌండరయ్యా."

నందే దవాఖానా గడప మీద అడ్డంగా కూర్చుంది. వెనకాలే ఆమె మరిది భీమా, భుజాన గొడ్డలి. కిష్టారం దగ్గరి ఆ పూరిపాక దవాఖానాలో ఆ మధ్యాహ్నం కంపౌండరు కాశయ్య ఒక్కడే ఉన్నాడు. డాక్టరు దొర పొద్దున్నే గుర్రమెక్కి ఎటో వెళ్లాడు.

"ఊపిరేందమ్మా? ఆయతు పోయి తొమ్మిది దినాలాయె. శవాన్ని మీకే అప్పజెప్పినం గదా."

"అప్పజెప్పిన్రు. కోసి అప్పజెప్పిన్రు. రొమ్ములకెళ్లి ఇంత ముక్క తీసి మీ దొర అద్దం మీద అతికించుకున్నడట!"

మాట నిజమే. దొర ఆ ఊపిరితిత్తి ముక్కను ఉల్లిపొర కన్నా పల్చగా తరిగి, రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టాడు. మైక్రోస్కోపులో కాశయ్యకూ చూపించాడు. తేనెపట్టు విరిచి చూసినట్టు, గదులే గదులు. "ఈ గదుల గోడల్లోంచే గాలి నెత్తుట్లోకి దిగుతుంది, కాశయ్యా" అన్నాడు. ఆయతు గదులు సగం కూలిపోయి, ముద్దగట్టి ఉన్నాయి.

"ఆ ముక్క లేక ఆయన మా సచ్చిన పెద్దలుండే కుండల చేరలే" అంది నందే. "దినాం వాకిట్లకొచ్చి దగ్గుతుండు. పసిపిల్ల జడుసుకొని పాలు ముడతలేదు. మూడు దినాలాయె. అది గూడ పోతే ఎవ్వర్ని అడగాలె నేను?"

"నేనేం జేస్తనమ్మా? దొర రానీ."

"దొర వచ్చేదాంక పిల్ల ఉంటదా?" భీమా గొడ్డలి దించి గుంజకు ఆనించాడు. "సరే తియ్యి. మావోని ముక్క లేదంటే నీ రొమ్ములది ఇయ్యి. నేనే కోసుకుంట. నీకు నొప్పి తెల్వదులే, నీ తాన మత్తుమందు ఉంది గదా."

నవ్వుతూనే అన్నాడు. కాశయ్య బల్ల దాకా వెనక్కి జరిగాడు.

ఆయతు పలక పెట్టెలో ఉంది. రేపు అది జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పోవాలి. దానికి గీత పడ్డా నౌకరీ ఉండదని దొర ముందే చెప్పాడు. ఇస్తే దొర ఊరుకోడు, ఇవ్వకపోతే భీమా ఊరుకోడు. ఎటూ పాలుపోక కాశయ్య చూపు మైక్రోస్కోపు మీద పడింది. దాని కింద ఇంకో పలక బిగించి ఉంది. ఎవరిదో ఏమో! ఎవరిదైతేనేం?

"ఇగో, ఇదే మీ ఆయతుది."

"చూపియ్యి" అంది నందే.

ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గొట్టానికి ఆనించింది. చాలాసేపు కదల్లేదు. "నీలం నీలంగుంది. అండ్ల ఎర్రటి పుల్లలు... చీమ కాళ్లంతంత... గుట్టలు గుట్టలున్నయి. ఏందియ్యి?"

కాశయ్య తనూ వంగి చూశాడు. తేనెపట్టు గదుల్లేవు. ఎర్రటి పుల్లలే. అవేమిటో దొర నేర్పగా వాడికి తెలుసు.

"అదేనమ్మా క్షయ. అవి ఇంతగనం చేరినంక మనిషి మిగలడు. మీ ఆయతును తిన్నయి అయ్యే."

నందే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భీమా ఏడవలేదు.

"ఒట్టెయ్యి. ఇది మావోనిది కాకుంటే, నీ ఊపిరి దీనెంబడే పోవాలె."

కాశయ్య పలక మీద చెయ్యి పెట్టాడు. "పోవాలె" అన్నాడు.

దవాఖానా వాకిట్లోనే, వెంట తెచ్చుకున్న కొత్త కుండలో బియ్యం పోసి, పలకను అందులో పడుకోబెట్టి, మూత చుట్టూ మట్టి మెత్తాడు భీమా. కుండ మీద అరచెయ్యి ఆనించి గట్టిగా చెప్పాడు: "ఈ అద్దంల ఎవ్వరి ఊపిరి ఉన్నదో, ఆ మనిషి మా పెద్దల్ల కలిసిపోయిండు. ఇంక బతికినోళ్ల దిక్కు తిరిగి చూడొద్దు."

కుండ నెత్తిన పెట్టుకుని నందే ముందు నడిచింది. వాళ్లు చెట్ల మరుగున పడేదాకా చూసి, కాశయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. గండం గడిచింది.

పొద్దు వాలుతుండగా గుర్రం వచ్చింది. దొర లోపలికొచ్చి మైక్రోస్కోపు వైపు చూశాడు.

"దాని కింద పలకేదీ?"

"తుడుస్తాంటే జారి పగిలింది, దొరా. ఆయతుది మాత్రం పెట్టెల భద్రంగుంది. మీ కాళ్లు మొక్కుత, తప్పయింది."

దొర అరవలేదు. అరవకపోయేసరికి కాశయ్యకు ఇంకా భయమేసింది.

"పోనీలే. అందులో చూడాల్సింది పొద్దున్నే చూశాను." దొర టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఎలా చెప్పాలో తెలీకే రోజంతా గుర్రమ్మీద తిరిగాను. అలా కూర్చో, కాశయ్యా."

"ఏంది దొరా?"

"జబ్బు లేనివాడిది ఎలా ఉంటుందో పక్కన పెట్టి చూద్దామని, మొన్న నీ చేత గిన్నెలో ఉమ్మించాను కదా... ఆ పలక నీదే."

అంతేనండీ. విన్నాక గుండె కొంచెం దడదడలాడితే ఆ దడ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి, మీవాళ్లు నలుగురికి పంపించండి.