కుర్చీ తూకం

ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు రక్తం కడిగే కుర్చీ ఉంది. కూర్చున్న మనిషిని తూచి, ఒంట్లో ఎంత నీరు చేరిందో, వారానికి ఎన్నిసార్లు డయాలసిస్ కావాలో అదే తేలుస్తుంది. డెబ్బై దాటినవాళ్లకు తగ్గించడమే దాని అలవాటు. ఎదురింటి లోకనాథానికి మూడు రెండైంది, రెండు ఒకటైంది. ఆ నెలలోనే పాడె కట్టారు. మోసిన నలుగురిలో జోగులు ఒకడు.

అందుకే తన భార్య దాలమ్మకు ఇక రెండు చాలునని కుర్చీ అన్నప్పటి నుంచీ జోగులుకు ముద్ద దిగడం లేదు. ఈ ఉదయం జీడిపిక్కలు తూచే రెండు కిలోల రాయిని ఆమె నడుముకు కట్టి, పైన చీర కప్పి కూర్చోబెట్టాడు.

“ఈ వయసులో నీళ్లోసుకున్నాననుకుంతారు మావా,” అని దాలమ్మ నవ్వింది.

“నీరు రెండు కిలోలు ఎక్కువుంది. తీస్తున్నాను,” అంది కుర్చీ.

లేని నీటిని అది ఎక్కణ్ణుంచి తీస్తుందో జోగులుకు అప్పటిదాకా తట్టలేదు. గంట గడిచేసరికి ఆమె పిక్కలు బిగుసుకుపోయాయి, పెదవులు పాలిపోయాయి.

“రాయి తీసేత్తానే.”

“తియ్యకు మావా. మళ్లీ తగ్గించేత్తాది. ఓర్సుకుంతాను.”

అంటూండగానే ఆమె కళ్లు తేలేసింది. జోగులు ముడి విప్పి రాయి లాగేశాడు. కుర్చీ వెంటనే ఆగింది.

“నీరంతా పోయింది. ఆరోగ్యం బాగా మెరుగైంది. ఇకనుంచి వారానికి ఒక్కసారి చాలు.”

కాసేపటికి దాలమ్మ కళ్లు తెరిచింది. “ఏటంది మావా అది?”

జోగులు తలెత్తకుండా ఆమె పిక్కలు నిమురుతున్నాడు.

“ఏటీ అన్నేదే. నువ్వు పడుకో.”